పాతింట్లో ఛార్జింగుకు పెట్టిన ఫోను

అన్ని ఫోన్లకూ ఒకే రకం ఛార్జింగు పిన్ను ఉండాలా వద్దా అని ఈమధ్య పేపర్లో చర్చ చదివాను. చెత్త తగ్గుతుందని కొందరు, కొత్తవి కనిపెట్టడానికి అడ్డమవుతుందని కొందరు రాశారు. నేను నంద్యాలలో కాలువ పనుల సామాను ఉండే స్టోరుకు కీపరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. బోల్టు ఏ ఊరి ఫ్యాక్టరీ నుంచి వచ్చినా ఆ సైజు నట్టు దానికి ఎక్కి తీరాలి. పెట్టెకు ఒకటి తీసి నా చేత్తో తిప్పి చూసేవాణ్ని. ఎక్కకపోతే పెట్టె మొత్తం వెనక్కి పంపేవాణ్ని. కాబట్టి నేను ఎవరి పక్షమో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ చర్చ చదువుతుంటే నాకు చెత్త గుర్తుకు రాలేదు. నా తమ్ముడు గుర్తొచ్చాడు.

తొంభైల నడుమ ఒక వానాకాలంలో మా వైపు పిల్లకాలువ ఒకటి తెగింది. పొలాలు మునిగాయి. ఆ కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు డ్యూటీ వదిలి ఇంటికి పోయాడని, షట్టరు దించేవాడు లేకనే గట్టు తెగిందని ఎవరో పైకి రాశారు. అది అబద్ధం. ఆ పొద్దున షట్టరు బిగుసుకుపోయిందని కబురొస్తే సామాను తీసుకుపోయింది నేనే. నా డైరీలో ఇలా ఉంది: "ఉదయం 6 గంటల 10 నిమిషాలు. గ్రీజు డబ్బా ఒకటి, తాడు ఒకటి ఇచ్చాను. లస్కరు షట్టరు దగ్గరే ఉన్నాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు."

విచారణ మొదలుపెట్టారు, ఆపారు, మళ్లీ మొదలుపెట్టారు. అలా పదేళ్లు నడిచింది. ఆ లోపల నేను రిటైరయ్యాను. లస్కరు రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలే మిగిలాయి. ఒకరోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీళ్లు ఇడ్సిపెట్టి పారిపోయినోని ఇల్లు ఇదేనని ఇప్పటికీ చూపిస్తాండారు సార్. ఆ మాట పోతే చాలు నాకు. ఇంకేమొద్దు" అన్నాడు. తర్వాత, "ఆ పేజీ ఇంగొక్కసారి సదువు సార్" అన్నాడు. చదివాను. అతనికి చదువు రాదు. అక్షరాల వైపు చూస్తూ విన్నాడు.

కాయితం పంపితే చాలదని, మనిషీ పుస్తకమూ రెండూ రావాలని ఆఫీసువాళ్లు చెప్పారు. విచారణాధికారి ఎప్పుడు క్యాంపుకు వస్తే అప్పుడే. ముందుగా తేదీ చెప్పరు. "నువ్వు ఫోన్ కొట్టు. యాడున్నా డైరీ తీసుకొని రెండు గంటల్లో నీ ముందుంటా" అని మాటిచ్చాను. నా సెల్‌ఫోను నంబరు అతనికి కాయితం మీద పెద్ద పెద్ద అంకెలతో రాసిచ్చాను. ఆ రోజు నుంచి ఆ డైరీ నా చేతిసంచిలోనే ఉండేది.

సెల్‌ఫోను విషయంలో మా ఇంట్లో నేనొక పద్ధతి పెట్టాను. అందరం ఒకే కంపెనీ ఫోను కొనాలి. అప్పుడు ఎవరింటికి ఎవరు పోయినా ఛార్జరు మోయక్కర్లేదు. అందరూ సరేనన్నారు. ఆళ్లగడ్డలో ఉండే తమ్ముడు నాకంటే ఏడాది ఆలస్యంగా కొన్నాడు. "నువ్వు చెప్పిన కంపెనీదేన్నా" అని ఫోన్లో చెప్పాడు. నేను డైరీలో టిక్కు పెట్టుకున్నాను. ఆ ఏడాదిలో కంపెనీ లావు పిన్ను మాని సన్న పిన్ను పెట్టిందని నాకు తెలియదు. పెట్టెకొక బోల్టు తిప్పి చూసే నేను తమ్ముడి ఛార్జరు చూడలేదు. తమ్ముడి మాటకు కొలత ఎందుకనుకున్నాను.

తమ్ముడు ఆళ్లగడ్డలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. నాయన లేడు కాబట్టి ఇంటికి పెద్ద నేనే. దేవుడి పటం పట్టుకుని ముందు గడప దాటాల్సిందీ, తర్వాత బంధువుల పంక్తి నడుమ కూర్చోవాల్సిందీ నేనే. ముందురోజు సాయంత్రానికి చేరాను. సంచిలో డైరీ ఉంది, ఛార్జరు లేదు. ఫోనులో ఒక్క గీత మిగిలింది.

"ఇట్లియ్యన్నా. కొత్తింట్లో ఇంగా కరెంటు ఇయ్యలేదు. పాతింట్లో పెడతా" అని తీసుకుపోయాడు. లస్కరు సంగతి అతనికి మొత్తం చెప్పాను. ఏ క్షణమైనా పిలుపు రావచ్చని కూడా చెప్పాను.

మరుసటి పొద్దున గడప దాటాం, పాలు పొంగించాం. పదిన్నరకు అడిగాను. "ఎక్కుతాండాది లేన్నా. మోగితే మావోళ్లు ఎత్తుకొని ఉరికొస్తారు." పన్నెండుకు మళ్లీ అడిగాను. "నీకు ఆ ఫోను మీదుండే ధ్యాస నా ఇంటి మీద లేదే!" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. డైరీ నేను రోజుకు రెండుసార్లు రాస్తాను, మధ్యాహ్నం భోజనానికి ముందొకసారి, సాయంత్రం ఒకసారి. ఆ మధ్యాహ్నం కొత్తింటి మెట్ల మీద కూర్చుని రాశాను: "ఫోను ఛార్జింగులో ఉంది. నంద్యాల నుంచి పిలుపు రాలేదు."

భోజనాలయ్యాక మూడు గంటలకు నేనే పాతింటికి నడిచాను. ఫోను గూట్లో తువ్వాలు మీద ఉంది. పక్కన ఛార్జరు లేదు. బటను నొక్కితే వెలగలేదు. గిన్నెలు సర్దుతున్న మరదలు తలెత్తి చూసింది.

"పిన్ను దూరలేదంట కదా బావా. మాది సన్నది, మీది లావుది. నిన్ననే చెప్పె ఆయన. మీకు చెప్పలేదా?"

కొత్తింటికి తిరిగొచ్చాను. తమ్ముణ్ని ఇంటి వెనక్కి పిలిచాను.

"పిన్ను దూరలేదని నిన్ననే తెలుసా నీకు?"

"తెలుసు."

"బజార్లో ఎవర్నడిగినా లావు పిన్నుది ఇస్తారు గదా. పోనీ నాకన్నా చెప్పొద్దా?"

"చెప్పింటే నువ్వు బజారెంబడి పోతాంటివి. ఫోను మోగింటే నంద్యాలకు పోతాంటివి. అన్న పంక్తిలో కూడా కూచోకుండా పాయనని ఇంతమందిలో నేను మాట పడల్లనా? ఒక లస్కరు కోసరమా అన్నా?"

"ఎక్కుతాండాదంటివే?"

"అంటి. ఏందిప్పుడు? రేపు పోదువులే. యాడికి పోతాడు ఆ ఆఫీసరు?"

చిన్నప్పుడు పలక పగలగొట్టి నా సంచిలో పెట్టినప్పుడు కూడా వాడి ముఖం ఇలాగే ఉండేది. అప్పుడు నేను కొట్టేవాణ్ని. ఇప్పుడు ఇద్దరికీ తల నెరిసింది. సంచి తీసుకుని బస్టాండుకు వచ్చాను.

నంద్యాల చేరేసరికి అయిదు దాటింది. ఆఫీసు గేటు ముందు రూపాయి బిళ్ల వేసే ఫోను డబ్బా ఉన్న బంకు ఒకటుంది. దాని పక్కన రాతి మీద లస్కరు కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి లేవలేదు. అంతకు ముందు ఎప్పుడూ లేచేవాడు.

"ఏడుసార్లు కొట్టినా సార్. ఏడుసార్లూ ఒక ఆడమనిషే పలికె, స్విచ్చాఫ్ అని. ఆయమ్మనే సాక్షికి పిలుచుకున్నా బాగుండు. పలకనన్నా పలికింది."

"ఆఫీసరు?"

"రెండింటిదాకా కూచున్యాడు. సాక్షి రాలేదని రాసుకొని జీపెక్కినాడు."

జరిగింది చెప్పాను. పిన్ను సంగతి, తమ్ముడి సంగతి, అన్నీ. చెబుతుంటే నా మాటలు నాకే సాకుల్లా వినిపించాయి. అతను అడ్డు రాలేదు. చివరకు, "ఒక పిన్ను దూరకుంటే ఇంత కతుంటాదా సార్?" అన్నాడు. నమ్మాడో లేదో ఈరోజుకూ నాకు తెలియదు.

నేను రిజిస్టరు పోస్టులో వాంగ్మూలం పంపాను. జవాబు రాలేదు. డ్యూటీ వదిలి వెళ్లినట్టు రుజువైందని రాసి అతణ్ని రిటైరు చేశారు.

తమ్ముడితో మాటలు ఆగలేదు. వాళ్ల ఇంట్లో తింటాను, పడుకుంటాను. కానీ ఫోను అతని చేతికి ఇవ్వను. ఛార్జరు జేబులో పెట్టుకునే పోతాను. అతను అది చూస్తాడు. ఆ రోజు ఇద్దరి పిన్నూ ఒకటే అయివుంటే, ఫోను తీసుకుపోయిన అయిదు నిమిషాలకే ఛార్జింగు ఎక్కడం మొదలయ్యేది. నన్ను ఆపాలనే ఆలోచన వాడికి పుట్టడానికి ఆ తేడానే చోటిచ్చింది. అలా అనుకుంటే మనసుకు కొంచెం తేలిక. అయితే ఆపాలనుకున్నవాడు పిన్ను దూరినా స్విచ్చి వెయ్యకుండా ఉండగలడు. ఇది కూడా నాకు తెలుసు.

రెండేళ్ల తర్వాత లస్కరు ఇంటికి పోయాను. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"నేను ఫోన్ కొట్టిన ఆ పొద్దు గురించి నీ పుస్తకంలో ఏం రాసుకుంటివి సార్?"

డైరీలో కొట్టివేతలు చెయ్యకూడదన్నది నా నియమం. ఆ మధ్యాహ్నం రాసింది అలాగే ఉంది. సాయంత్రం దాని కింద నిజం రాశాను. రెండూ చెబుదామనుకుని, మొదట మొదటిదే చెప్పాను. "నంద్యాల నుంచి పిలుపు రాలేదు."

"రాలేదని రాస్తివా" అన్నాడు.

కింద రాసింది కూడా చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీలే సార్. పదేండ్లు నేను అనుకుంటాంటి, సార్ పుస్తకంలో ఉందంటే అది జరిగినట్టేనని. ఆ ఆఫీసరు వినింటే మాత్రం, నీ పుస్తకాన్ని ఎందుకు నమ్మల్ల చెప్పు?"