పడమటి గట్టు పలకలేదు

మా ముత్తాత వెంకటరామయ్యగారు జగ్గయ్యపేట బజార్లో నడిచొస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా తాత రాఘవయ్యగారి రోజుల్లో నందిగామ చుట్టుపట్ల మేడలు చాలావరకు మా బట్టీల సున్నంతోనే లేచాయి. నాన్నగారి హయాంలో బట్టీలు చల్లారాయి. నా వంతుకు మిగిలినవి ఒక సున్నపురాయి గని, ఒక పాత కంప్రెసర్, కొన్ని ఇస్త్రీ పంచెలు.

దయ్యాలను నమ్మే అలవాటు మాత్రం మా వంశంలో ఏనాడూ లేదు. ఆ మాట ఎత్తిన పిల్లలకు మా నాయనమ్మ ఆముదం పట్టించేది. నేనూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

గని వత్సవాయి వెళ్లే దారికి కాస్త లోపలగా ఉండేది. తాతగారు మొదలుపెట్టినప్పుడు రాతిలో కన్నాలు సమ్మెటతో, ఉలితో కొట్టేవారు. రాయి ఎడ్లబళ్ల మీద బట్టీలకు వెళ్లేది. తర్వాత కన్నాలు వేసే మిషను వచ్చింది, లారీలు వచ్చాయి, రాయి సిమెంటు ఫ్యాక్టరీలకు మళ్లింది.

పేలుడుకు ముందు తాతగారు పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. వత్తి అంటించేముందు మా ఇంటి మనిషి ఒకరు గట్టు మీద నిలబడి కంచు జేగంట కొట్టాలి. అప్పుడు నాలుగు గట్ల మీది నుంచీ ఒక్కొక్క ముఠా మేస్త్రి "అందరం పైనే!" అని కేకెయ్యాలి. నాలుగు దిక్కులూ పలికితేనే నిప్పు. అందువల్ల మూడు తరాల్లో మా గనిలో ఒక్క ప్రాణం పోలేదు. మేడలు పోయినా, మాగాణి పోయినా నేను తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క మాట మీదే.

చివరి రోజుల్లో గంట పోయి ఈల వచ్చింది. ముఠాలు తగ్గాయి. పడమటి గట్టు పని పూర్తిగా ఆగిపోయింది. ఈల ఊదేవాణ్ని, మందు దట్టించే కోటయ్య వత్తి అంటించేవాడు. కేకలు మానేశారు.

తొంభైల చివర్లో గని అమ్మకానికి పెట్టాను. కొనడానికి ముందుకొచ్చింది నందిగామ కంకర వ్యాపారి శేషయ్య. ఆయన చూడ్డానికి కొత్త పొర ఒకటి తెరవాలని ఓ ఆదివారం పొద్దున మందు దట్టించాం. ఆయన మధ్యాహ్నం వస్తానన్నాడు. నా చేతి మీదుగా అదే ఆఖరి పేలుడు. తాతగారి పేరుకు మచ్చ రాకుండా గని అప్పగిస్తే చాలనుకున్నాను.

ఈల ఊదాను. కోటయ్య అగ్గిపుల్ల గీశాడు.

అప్పుడు గని అడుగు నుంచి జేగంట మోగింది. నేను వింటూ పెరిగిన మోత అది, పొరపడను. ఆ గంట అప్పటికి గనిలోనూ లేదు, మా ఇంట్లోనూ లేదు.

తూర్పు గట్టు మీద ఎర్రజెండా పట్టుకున్న ముసలి మేస్త్రి, పాత అలవాటు కొద్దీ, "అందరం పైనే!" అని కేకేశాడు. ఉత్తరం పలికింది. దక్షిణం పలికింది.

పడమర పలకలేదు.

కోటయ్య పుల్ల ఆర్పేశాడు. "చినబాబుగారూ, పడమర పలకలేదండి." నాకప్పటికి నలభై దాటాయి, అయినా వాడికి చినబాబునే.

"అక్కడెవరున్నారయ్యా పలకడానికి?"

"ఎవరూ లేరండి. అయినా పలకలేదు కదండీ. నేనంటించను."

వాణ్ని తిట్టుకుంటూనే పడమటి గట్టుకు వెళ్లాం. తుమ్మచెట్టు వెనకాల స్కూటర్ ఉంది. కింద, మందు దట్టించిన చోటుకు దగ్గర్లోనే, రాతి చూరు నీడలో శేషయ్య కూర్చుని పులిహోర తింటున్నాడు. పక్కన చిన్న సుత్తి, సంచీ నిండా రాతి ముక్కలు.

"మీరు చూపించే రాయి వేరు, ఉండే రాయి వేరు కదండీ. అందుకే ముందే దిగా," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

"ఈల వినలేదా?" అని అరిచాను.

"గొర్రెలోళ్లేమో అనుకున్నా. గంట మాత్రం విన్నానండీ. భోజనాలకేమోనని పొట్లం విప్పా."

"భోజనాలకేనండి," అన్నాడు కోటయ్య. "మీ పదకొండో రోజువి."

శేషయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఆయన్ని పైకి లాగాక మళ్లీ ఈల ఊదాను. ఈసారి నాలుగు దిక్కులూ పలికాయి. పడమటి గట్టు మీద నుంచి "అందరం పైనే!" అని గొంతు చించుకుని అరిచింది శేషయ్యే. అప్పుడు అంటించాం.

ఆ తర్వాత కోటయ్య చేత గడ్డపారలు రాతి మీద వేయించి చూశాను. ఆ మోత రాలేదు. ఆదివారం, బడిగంట కాదు. దగ్గర్లో గుడి లేదు. శేషయ్య సుత్తి శబ్దం మాకు వినపడనే లేదు. గట్ల మీద ఉన్నవాళ్లందరూ గంట విన్నారు, కిందున్న మనిషీ విన్నాడు. ఎవరు కొట్టారో, దేంతో కొట్టారో ఇప్పటికీ చెప్పలేను.

బేరం దగ్గర శేషయ్య ఒక మెలిక పెట్టాడు. "ఆ గంట కూడా కలిపితేనే తీసుకుంటానండీ. ఇక మీదట నేనే కొడతా."

నేను వెన్ను నిటారుగా పెట్టి, "అది మా తాతగారిది. ఇవ్వడం కుదరదు," అన్నాను. ఆయన మరి పట్టుబట్టలేదు. రైలుపట్టా ముక్క ఒకటి తెచ్చి వేలాడదీశాడు. నాలుగు దిక్కులా కేకలు మళ్లీ మొదలయ్యాయి.

గని, కంప్రెసర్, రేకుల షెడ్డు శేషయ్యకు అమ్మాను. జేగంటను అంతకు ముందు ఏడాదే మైలవరంలో కంచు సామాన్ల కొట్టుకు అమ్మేశాను. కొట్టతను నా ఎదుటే దాన్ని సమ్మెటతో ముక్కలు చేసి తూచుకున్నాడు.