దొరగారి పనివాళ్ళు

మా పక్కింటి టీచరమ్మగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను రేపల్లెలో మా అక్క ఇంట్లో, ఒకసారి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతున్నాను. నా శుభ్రం పిచ్చి చూసి బాపట్లలో మా వీధంతా నవ్వుకుంటుంది. టీచరమ్మగారు మాత్రం ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు.

ఆవిడ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తూ వదిలేసిపోయిన తాబేలును చేరదీసి, దొరగారని పేరుపెట్టి, పెరట్లో సిమెంటు తొట్టి కట్టించారు. సగం నీళ్ళు, సగం మట్టి. చర్చి నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా "దొరగారు లేచారా?" అంటూ తొట్టి దగ్గరికే వెళ్ళేవారు.

మోకాలి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్తూ దొరగార్ని నాకు అప్పజెప్పారు. మేత వేస్తుంటే మట్టిలో ఏదో కదిలింది. చూస్తే వానపాములు, ఒకటా రెండా. పాపం పెద్దావిడ, కళ్ళు ఆనక ఇలా వదిలేశారనుకున్నాను. మట్టంతా ఎత్తి పారబోయించి, మా ఆయన్ని సూర్యలంక సముద్రం ఒడ్డుకి పంపి, ఇసుక తెప్పించి నింపాను. పది రోజులు తిరక్కుండానే తొట్టి కంపు కొట్టింది. రోజూ కడిగాను. కడిగేకొద్దీ కంపే.

ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి, తొట్టి చుట్టూ ఓసారి తిరిగి చూశారు. తర్వాత నవ్వారు.

"బాగా శుభ్రం చేశావమ్మా. పనివాళ్ళందర్నీ మాన్పించేశావు, అంతే."

"ఏంటండీ, ఆ పురుగులా?"

"అవేనమ్మా. దొరగారు వదిలేసిన మేత, పెంట, అన్నీ తిని మట్టి చేసేవి. ఆకలేస్తే ఆయన వాటిల్లో ఒకటీ అరా తినేవారనుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ పెనుమూడిలో తమ్ముడి అరటితోట నుంచి మట్టీ వానపాములూ తెప్పించి, నా చేతులతోనే వేయించారు. మొదట గ్లవుజులు తొడుక్కున్నాను. పోనుపోను అవి ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను. మట్టికి భయపడని మనిషిని చేశారు నన్ను, అందుకు ఆవిడకి ఎప్పుడూ దణ్ణం పెట్టుకుంటాను. నీళ్ళు చిలకరించమనేవారు, పొయ్యొద్దనేవారు. పైన ఆకులు పరిస్తే, వానపాములు కొస పట్టుకుని లోపలికి లాక్కుంటాయని చెప్పారు. ఉన్నాయో లేదో చూద్దామని నేను పుల్ల తీస్తే చెయ్యి పట్టుకునేవారు.

"తవ్వకమ్మా. మనం చూస్తేనే అవి పనిచేస్తాయా ఏంటి?"

భూస్థాపన అయ్యాక ఆవిడ తమ్ముడు నా దగ్గరకొచ్చి, "అక్క ఆ తొట్టి మీకే అప్పజెప్పమందండీ" అన్నారు. ఈసారి ఆవిడ జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన నీళ్ళు మార్చి, మేత వేసి, దొరగార్ని బాగానే చూశారు. మట్టి సంగతి ఆయనకేం తెలుసు. ఎండకి నెర్రెలిచ్చింది. నేనేమో రేపల్లెలో ఉండిపోయాను. అది చూసి ఏడ్చినంతగా, ఆవిడ పెట్టె మూసినప్పుడు కూడా ఏడవలేదు. ఆ పనివాళ్ళని ఒకసారి నేనే చంపాను, రెండోసారి చావనిచ్చాను అనిపించింది.

నీళ్ళు చిలకరించాను. జామాకులు పరిచాను. వారం రోజులు పుల్ల ముట్టుకోలేదు. ఎంత కష్టమో నాకే తెలుసు.

ఈ ఉదయం వెళ్ళేసరికి దొరగారు రాయి మీద మెడ చాచుకుని ఉన్నారు. ఆయన పక్కన, కొస మట్టిలోకి దిగి, ఒక జామాకు నిలబడి ఉంది.