బావగారు పెట్టిన నిద్ర

గద్వాలలో మా అత్తవారింట్లో కోడలు బావగారి ఎదుట నోరు విప్పేది కాదు. ఆయన ఏమడిగినా జవాబు అత్తమ్మే చెప్పాలి.

తొలిసారి కడుపుతో ఉన్నప్పుడు నాకు మట్టి మీద మనసు పోయింది. పెరట్లో పశువుల కొట్టం గోడ గోటితో గీకి నోట్లో వేసుకునేదాన్ని. బిడ్డకు చెరుపని అత్తమ్మ రాత్రిపూట నా గదికి బయట గొళ్లెం పెట్టసాగింది. మా వారి నౌకరీ నాగర్‌కర్నూలులో. గొళ్లెం పడిన చప్పుడుతోనే నా నిద్ర ఎగిరిపోయేది. నొప్పులొస్తే ఎవరు తీస్తారు? అడిగే ధైర్యం లేదు.

వనపర్తి బడిలో పంతులైన బావగారు మద్రాసు నుంచి పుస్తకం తెప్పించుకుని హిప్నాటిజం నేర్చారు. మట్టి మాన్పించి నిద్ర తెప్పిస్తానని, సెలవునాటి మధ్యాహ్నం నన్ను చాప మీద పడుకోబెట్టించారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ చేరారు.

“కండ్లు బరువైతున్నయి. నిద్రొస్తున్నది. వచ్చిందా?”

నేనెట్లా చెప్పను?

“వచ్చిందా అంటున్న.”

కళ్లు మూసుకున్నాను.

“చూసిన్రా, నిద్రల పోయింది. ఇగ మట్టి నోట్ల పెడితే యాపచేదు. గొళ్లెం పడంగనే నిద్ర.”

“మా ముసలాయనకు చుట్ట గూడ చేదు చెయ్యి నాయనా,” అంది పక్కింటి అవ్వ. “పండవెట్టుడు మాత్రం వద్దు. ఆయన పొద్దంత పండుకునే ఉంటడు.”

అందరూ నవ్వారు. లేచి కూర్చుంటే పదిమందిలో బావగారి పరువు పోతుంది. లేవకపోతే ఆ నిద్ర నిజమనుకుంటారు, రాత్రి గొళ్లెం తప్పదు. కొంగు చాటున బొటనవేలితో కణుపులు లెక్కపెడుతూ గోవిందనామాలు చెప్పుకున్నాను. కదిలే ఆ వేలు అత్తమ్మ కంటపడింది.

“బిడ్డ మంచిగ పండుకున్నది. జర అందరు లేసి పోండి,” అంది. వాళ్లు వెళ్లాక నా చెవి దగ్గర వంగింది. “నిద్ర రాలేదు గద. ఏంది నీ బాధ?”

“గొళ్లెం, అత్తమ్మా.”

అత్తమ్మ తలుపు వైపు చూసింది. “తలుపు తీసే ఉంచుత. గడప కాడ నేను పండుకుంట. కాని పెద్దోడు పండుకొమ్మన్నప్పుడల్ల కండ్లు మూస్కో. వాని మాట పోవద్దు.”

ఆ తల్లి దయవల్ల రాత్రులు నిద్రపట్టింది. సెలవులొస్తే మాత్రం చాప తప్పలేదు. ఎవరెవరో వచ్చేవారు, నేను శవంలా పడి ఉండేదాన్ని. దురద పుట్టినా గోక్కోరాదు, కడుపులో బిడ్డ తన్నినా చెయ్యి వేసుకోరాదు. రాత్రి తలుపు తెరిచి ఉన్నందుకు పగలు కళ్లు మూసుకోవాలి.

నెలలు నిండుతుండగా బావగారు తోటి పంతుళ్లను ఇద్దరిని తీసుకొచ్చారు. ఆ గొంతు వింటూ వింటూ నేను నిజంగానే నిద్రపోయి, గురక పెట్టానట. తర్వాతిదంతా అత్తమ్మ చెప్పగా తెలిసింది. పంతుళ్లు మొహం తిప్పుకుని నవ్వారు.

“గురక రావద్దమ్మా. గిది ఆ నిద్ర గాదు, చెడిపోయింది,” అన్నారట బావగారు.

ఆయన నా మేలు కోరే మొదలుపెట్టారు. మల్దకల్ స్వామికి మొక్కినప్పుడు బావగారి పేరునా ఒక టెంకాయ కొట్టాను. కానీ నాకు ఆ చాప తప్పించింది అత్తమ్మ మాటే.

“నిద్రనే గద నాయనా కావాలంటివి. వచ్చింది. ఇగ పిల్లను పండుకోనియ్యి.”