తీతువు కోసం వెళ్ళిపోయిన రోజు

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. నా కాళ్ళకు చక్రాలున్నాయని అమ్మ విసుక్కునేది. హైటెక్ సిటీ భవనాలు లేస్తున్న ఆ రోజుల్లో మేం కొండాపూర్‌లో ఉండేవాళ్ళం. పక్కింటి అత్తయ్య ఆదివారాలు మెడలో కెమెరా వేసుకుని, పిట్టల్ని చూసే బృందంతో వెళ్ళేది. ఒక వేసవి సెలవుల్లో ఓ ఆదివారం నన్నూ వెంటేసుకుపోయింది. అమ్మకు కాస్త ఊపిరాడింది.

గుట్ట పక్కన ఖాళీ ప్లాటులో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. గూడంటూ లేదు, గులకరాళ్ళ మధ్య నేల మీదే. మర్నాడు సరిగ్గా అక్కడే లారీలు కంకర పోస్తాయట. కంకర వేరేచోట పోయించమని అత్తయ్య అక్కడ పని చేయిస్తున్న మేస్త్రిని బతిమాలింది.

"అవి ఇడిసిపెట్టి పోయిన గుడ్లు మేడం. నేనెప్పుడొచ్చినా పిట్ట గాల్లనే తిరుగుతది. పొదుగుతుంటే చూపియ్యున్రి, కంకర అటు దిక్కు పోయిస్త" అన్నాడాయన.

"మనం నిలబడితే అది దిగదండీ. ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి" అంది అత్తయ్య.

బృందాన్ని చెరువు వైపు పంపేసి, మేస్త్రినీ నన్నూ తీసుకుని అక్కడ పడున్న పెద్ద సిమెంటు పైపులో దూరింది. తీతువు పైన అరుస్తూ తిరుగుతూనే ఉంది. నాకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. అది దిగాలి, నేను చూడాలి, అంతే! అప్పుడు అత్తయ్య నా చెవిలో చెప్పింది: "నువ్వు బయటికెళ్ళి, దానికి కనబడేలా రోడ్డు దాకా నడువమ్మా. పిట్టకి లెక్కలు రావు, అందరం పోయామనుకుంటుంది. వెనక్కి మాత్రం తిరగకు."

ఏడుపొచ్చింది. అయినా నడిచాను. అరుపు నా నెత్తి మీదే వచ్చింది, తర్వాత దూరమైంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. దిగిందా? తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ గోళ్ళు కొరుక్కున్నాను.

చాలాసేపటికి మేస్త్రి నవ్వుకుంటూ వచ్చాడు. "కూసుంది బిడ్డా! నువ్వట్ల పోంగనే వచ్చి కూసుంది."

మర్నాడు లారీలు అటు దిక్కే వెళ్ళాయి. పొదిగే తీతువును మాత్రం నేను చూడనే లేదు. నేను చూడకపోవడం వల్లే అది కూర్చుందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మొన్న మా అమ్మాయిని హాస్టల్లో దింపి వస్తుంటే వెనక వెక్కిళ్ళు వినిపించాయి. నా మెడ తిరగబోయింది. గేటు దాటేదాకా అత్తయ్య మాటే తలుచుకుంటూ నడిచాను.