మామ కారుకు చల్లగాలి

ఆ రోజుల్లో కడపలో ఎండాకాలం వచ్చిందంటే జనానికి తెలిసిన వైద్యం ఒకటే, నీళ్ళు చల్లడం. పంచలో పరిచిన బండలు కాలుతుంటే నీళ్ళు చల్లేవారు. మిద్దె పైన చల్లేవారు. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి గంటకోసారి చెంబెడు నీళ్ళు విసిరికొడితే, బయటి వడగాలి కాస్తా కమ్మటి వాసనతో చల్లగా లోపలికి వచ్చేది. సొమ్మసిల్లిన మనిషి మొహానా నీళ్ళే, అలిగిన పిల్లవాడి మొహానా నీళ్ళే. అలాంటి ఊళ్ళో ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు ఒక కారుకు కూడా అదే వైద్యం చేయబోయాడంటే తప్పంతా వాడిది కాదని మీరు ఒప్పుకోవాలి. (ఆ కుర్రవాణ్ణి నేనే. అందుకే వాడి తరఫున ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.)

మాది ఆలూరు పక్క పల్లె. వాన పడితే కొర్రలు, పడకపోతే రాళ్ళు పండే చేను. నేను ఎస్సెల్సీ రెండోసారి కూడా తప్పాక మా అమ్మ నన్ను కడపలో ఉన్న తన అన్న దగ్గరికి పంపింది. మామకు ఒక కారుండేది. ఎవరో దొర వాడుకుని వదిలేసిపోయిన పాత పెద్ద కారు, దానిదీ నాదీ ఇంచుమించు ఒకే ఈడు. దాన్ని బాడుగకు తిప్పేవాడు. చదునైన దారిలో దానికి వంక పెట్టడానికి లేదు. ఒంటిమిట్ట తిరునాళ్ళకు తొమ్మిది మందిని, వాళ్ళ మూటలతో సహా, కిక్కురుమనకుండా మోసుకుపోయేది. దాని తిప్పలన్నీ రాయచోటి దారిలో ఉన్న గువ్వలచెరువు కనుమ దగ్గరే. మూడో మలుపు రాగానే ముసలివాళ్ళ మాదిరి ఆయాసపడి నిలబడిపోయేది.

అప్పుడు జరిగే తతంగం అందరికీ తెలిసిందే. ఎవరూ చెప్పకుండానే జనం దిగిపోయేవారు. ఆడవాళ్ళు మూటలు చంకన పెట్టుకుని ముందు నడిచేవారు. మగవాళ్ళు వెనక నుంచి తోసేవారు. కారు ఒక బారెడు కదిలి ఆగగానే, అది వెనక్కి దొర్లకుండా చక్రం కింద రాయి పెట్టేవాడొకడు ఉండాలి. ఆ ఉద్యోగం నాది. మామూలు రాయి కాదు, ఏటవాలుగా చెక్కించిన కడప బండ, పట్టుకోవడానికి ఒక తాడు కూడా ఉండేది. బండి కదిలినప్పుడల్లా దాన్ని ఈడ్చుకుంటూ వెనకాల నడిచేవాణ్ణి. మా వీధిలో నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, "రాయబ్బి" అంటే మాత్రం అందరికీ తెలుసు.

ఒక వేసవిలో జనం మా కారును మానుకుని బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. అదే సమయంలో పిండిమర పెట్టాలనుకుంటున్న ఆసామి ఒకాయన వచ్చి, కారులోంచి ఇంజన్ పీకేసి తన మరకు బిగించుకుంటానని బేరానికి దిగాడు. మామ ఆ రాత్రి అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నాడు. పొద్దున్నే నన్ను పిలిచి ఖచ్చితంగా చెప్పేశాడు.

"సూడు అల్లుడా, వచ్చే బేస్తవారం రాయచోటికి పెండ్లికొడుకును తోలకపోవల్ల. ఒక్క మనిషి కూడా కిందికి దిగకుండా కారు కనుమ ఎక్కిందా, సరే. దిగినారంటే మాత్రం తిరిగొచ్చినాక పిండిమరకు ఇచ్చేస్తా. నువ్వు గూడా ఆలూరికి పో. ఈడ ఉండి ఏం జేస్తావు?"

ఎప్పటికైనా స్టీరింగు ముందు కూర్చుంటానని ఆశపడి రాయి మోస్తున్నవాణ్ణి నేను. ఇక్కడ మోసేది ఒక్క రాయి, ఆలూరు చేనులో ఏరవలసినవి లక్ష. పోను, చచ్చినా పోను అనుకున్నాను.

కాఫీ హోటల్లో పట్టాళం నుంచి తిరిగొచ్చిన లారీ డ్రైవరొకాయన కూర్చునేవాడు. ఆయనకు నా కష్టం చెప్పుకుంటే, బీడీ ఆర్పి, రెండు ముక్కల్లో తేల్చేశాడు. "మీ ఇంజన్ బానెట్ కింద ఉడుకుగాలి పీలుస్తాండాదప్పా. తన ఆవిరి తానే తాగుతాండాది. ముందరినుంచి గొట్టం ఏసి సల్లగాలి ఇయ్యి, గుర్రం మాదిరి ఎక్కుతాది. పట్టాళంలో మేము అట్లనే జేసినాము." పట్టాళంలో వాళ్ళు నిజంగా చేశారో లేదో నేను అడగలేదు. నాకు కావలసిన మాట దొరికింది. పరుగెత్తుకుంటూ పోయి రేకుల తాత దగ్గర ఆగాను.

రేకుల తాత దర్గాకు పోయే దారిలో కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి చెంబులు, దీపాలు, గరాటులు చేసే ముసలి సాయిబు. నన్ను బేటా అనేవాడు. ఆయన నా ముచ్చట విని, "కారుకు ముక్కు పెట్టల్లంటావు, అంతే గదా" అని డబ్బాలు తెగ్గొట్టడం మొదలుపెట్టాడు. మూడు రోజులు ఆయన పక్కనే కూర్చున్నాను. టంకం వేడికి నా కనుబొమలు సగం కాలాయి. ఒక పెద్ద గరాటు రేడియేటర్ పక్కన రోడ్డు వైపు నోరు తెరుచుకుని ఉంటుంది, దాని వెనక జానెడు వెడల్పు గొట్టం వంపులు తిరిగి ఇంజన్ దాకా పోతుంది.

గొట్టం బిగించడానికి, పెట్రోలులో గాలి కలిపే కార్బురేటర్ మీదున్న గాలి వడగట్టే డబ్బా అడ్డొచ్చింది. దాన్ని పీకి అవతల పడేశాను. గొట్టం బిగించడానికి వచ్చిన తాత దాన్ని తీసి మూత విప్పి బండ మీద తట్టాడు. పదేళ్ళ దుమ్ము, గడ్డలు కట్టిన చమురు, పైగా ఒక పురుగు పెట్టుకున్న మట్టిగూడు రాలిపడ్డాయి.

"బేటా, దీంట్లో సగం కడప ఉండాది. ఇది గొంతులో పెట్టుకోని ఎవుడైనా కనుమ ఎక్కుతాడా? దీన్ని కడిగి సూడు ముందు" అన్నాడు.

"ఆ పాత డబ్బాతో మనకేం పని తాతా? గరాటు ఇంకొంచెం పెద్దది చెయ్యి" అన్నాను నేను. (ఈ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.)

అంతటితో ఆగినా బాగుండేది. బేస్తవారం తెల్లవారగానే గరాటు నోట్లో చెయ్యి పెట్టి చూస్తే అప్పటికే గాలి వెచ్చగా తగిలింది. చల్లగాలి అని ఊరంతా చెప్పుకుని వేడిగాలి ఎలా ఇవ్వను? ఇంట్లోకి పోయి, అత్త పడక గది కిటికీకి ఉన్న వట్టివేళ్ళ తడికెలోంచి ఒక చదరం కోసుకొచ్చి గరాటుకు అడ్డంగా కట్టేశాను. నీళ్ళ కుండ పట్టుకుని మడ్‌గార్డు మీద కూర్చున్నాను. మామ చూసి, "ఇదేందిరా?" అన్నాడు. "నువ్వు తోలు మామా, మిగిలింది నాకు వదిలెయ్యి" అన్నాను. అత్త అప్పటికి తడికె సంగతి గమనించలేదు కాబట్టి ప్రయాణం సజావుగానే మొదలైంది.

కారులో పెళ్ళికొడుకు, వాళ్ళ నాయన, ఇద్దరు బావలు, వెనక సీటులో మూడొంతులు ఆక్రమించి పెళ్ళికొడుకు జేజి. (నాయనమ్మను అక్కడ జేజి అంటారు.) ఆమె ఎక్కడానికే పావుగంట పట్టింది. ఎక్కుతూనే చెప్పింది, "నా మోకాళ్ళు మంచివి కాదప్పా, రాయచోటి వచ్చిందాకా నేను దిగే దాన్ని కాదు." ఆ మాట విని మామ నా వైపు చూశాడు. నేను కుండ వైపు చూసుకున్నాను.

కనుమ మొదలైంది. మొదటి మలుపులో తడికె మీద దోసెడు నీళ్ళు పోశాను. కారు ఎక్కింది. రెండో మలుపులో ఇంకో దోసెడు. ఇంజన్ శబ్దమే మారిపోయింది, ఆయాసం లేదు, ఎగశ్వాస లేదు. లోపలినుంచి జేజి, "ఏమి వాసనప్పా, ఇంట్లో పండుకున్నెట్లుండాది" అంటోంది. నా ఛాతీ పొంగింది. మూడో మలుపు కనబడింది, ఏళ్ళ తరబడి నన్ను రాయితో నడిపించిన మలుపు. దోసెడుతో ఇంత ఎక్కితే కుండతో ఎంత ఎక్కాలి? ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా కుమ్మరించాను.

ఇంజన్ ఆ నీళ్ళను వట్టివేళ్ళతో సహా లోపలికి పీల్చుకుంది. గట్టిగా ఒకసారి దగ్గి, చప్పున ఆగిపోయింది. కారు వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు బాసికంతో సహా కిందికి దూకాడు, వాళ్ళ నాయనా బావలూ వెంట దూకారు. నేను కుండ పారేసి, వెనక్కి ఉరికి, డిక్కీలోంచి వేలాడుతున్న తాడు పట్టి రాయి లాగి చక్రం కింద తోశాను. కారు ఆగింది. వెనక సీటులో జేజి ఒక్కతే, కదలకుండా, వక్క నములుతోంది.

మామ స్టీరింగు మీద తల ఆన్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు అంత ఏడుపు వచ్చేది కాదు. కళ్ళు తుడుచుకుని బానెట్ ఎత్తాను. తడికె పీకి లోయలోకి విసిరేశాను. గొట్టం విప్పి బోర్లిస్తే చెంబెడు నీళ్ళు కారాయి. కార్బురేటర్ కింది గిన్నె విప్పి నీళ్ళు పారబోసి, నా చొక్కా విప్పి ప్రతి భాగమూ తుడిచి, అరగంట ఎండలో ఆరబెట్టి, మళ్ళీ బిగించి హ్యాండిల్ అందుకున్నాను. పదిసార్లు తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పెళ్ళికొడుకు నాయన, "ఇంక నడుస్తాములేప్పా" అన్నాడు. "ఎవురూ నడిచేది లేదు, ఎక్కండి" అని అరిచాను. పదకొండోసారి తిప్పితే ఇంజన్ అందుకుంది. అందరూ ఎక్కారు. నేను రాయిని వెనక డిక్కీలో పడేసి మడ్‌గార్డు మీదికి గెంతాను. జేజి బరువుతో సహా కారు మూడో మలుపు, నాలుగో మలుపు, ఆ పైన ఉన్నవన్నీ ఎక్కి కనుమ పైన నిలబడింది.

మామ దిగి, మొహం తుడుచుకుని, నిదానంగా అన్నాడు. "ఎక్కింది, నిజమే. కానీ దిగినారు గదరా."

వెనక సీటులోంచి జేజి గొంతు వినబడింది. "యాడ దిగినారప్పా? ఆ పిరికోళ్ళు భయపడి దూకినారు. నేను దిగల్యా. కారు నన్ను ఎత్తుకోని పైకొచ్చిండాది. వాళ్ళు నలుగురూ ఒక ఎత్తు, నేనొక ఎత్తు, నీ కండ్లకు కనపడల్యా?"

ఆమెతో వాదించే ధైర్యం మామకు లేదు. పిండిమర ఆసామి వేరే ఇంజన్ చూసుకున్నాడు. (అత్త మాత్రం తడికె విషయంలో నాతో నెల రోజులు మాట్లాడలేదు.)

కొన్ని వారాలకు నేను చెల్లెలి పెళ్ళికి ఆలూరు పోయి పది రోజులుండి వచ్చాను. వచ్చేసరికి గొట్టం చివర ఇంజన్ దగ్గర కొత్త రేకు తొడుగు కనబడింది. "పట్టు కోసం ఏయించినా" అన్నాడు మామ. సరేననుకున్నాను. అప్పటినుంచి కనుమ మొదట్లో కారు ఆపి, బాడుగకు వచ్చినవాళ్ళందరికీ వినబడేట్టు అడిగేవాడు, "అల్లుడా, సల్లగాలి వస్తాండాదా?" నేను గరాటులో చెయ్యి పెట్టి, "శానా వస్తాండాది మామా" అనేవాణ్ణి. అది విని జనం ధైర్యంగా కూర్చునేవారు. కారు ఆగకుండా ఎక్కేది. రాయబ్బి పేరు పోయి సల్లగాలబ్బి అయ్యాను. ఆ ఏడాదే స్టీరింగు పట్టాను.

మరుసటి వేసవిలో ఆ తొడుగు టంకం ఊడింది. మామ ఊళ్ళో లేడు. విప్పి చూశాను. లోపల నేను పారేసిన పాత డబ్బా, శుభ్రంగా కడిగి, తన చోట తాను కూర్చుని ఉంది. నా గొట్టం దాని దాకా వచ్చి ఆగిపోయింది, చివర చీమ కూడా దూరకుండా రేకు అడ్డం పెట్టి మూసేశారు. ఏడాదిగా ఆ కారు బానెట్ కింది వేడిగాలే పీలుస్తూ కనుమ ఎక్కుతోంది. పెళ్ళికొడుకు వాళ్ళతో ఆ పొద్దు ఎక్కింది కూడా నా చల్లగాలితో కాదు, గొంతుకు అడ్డుపడిన సగం కడప పోయినందుకు.

రేకుల తాత దగ్గరికి పోయి నిలదీశాను. ఆయన తలెత్తకుండా చెప్పాడు. "దుమ్ము లోపలికి పోతే ఇంజన్ పాడైపోతాది గదా బేటా. డబ్బా పెట్టమన్నాడు మీ మామ. గొట్టం పీకేస్తా అంటే మాత్రం వొద్దన్నాడు. పిల్లోడు కనుబొమలు కాల్సుకోని జేసినాడు, ఉండనీ అన్నాడు."

సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆయన టంకం కడ్డీ తీసుకుని, ఆ తొడుగును ఎలా ఉన్నది అలాగే నా చేత్తో అతికించేశాను. తరువాతి బాడుగలో, కనుమ మొదట్లో, మామ పక్క సీటులోంచి ఎప్పటిలాగే అడిగాడు. నేను దిగి గరాటులో చెయ్యి పెట్టి, "శానా వస్తాండాది మామా" అన్నాను. ఆయన తల ఆడించి, కండువాతో మొహం తుడుచుకుని, దారి వైపు తిరిగాడు.

గుట్టు నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియనివ్వకుండా ఆయన్ను సంతోషపెట్టానని చాలా ఏళ్ళు గర్వపడేవాణ్ణి. రేకుల తాత కడుపులో ఏ మాటా ఒక పూటకు మించి నిలవదని నాకు తెలిసింది, మామ పోయిన తరువాత.