అప్పుడప్పుడు చేసే పని

1979లో నేను జంషెడ్‌పూర్ సాక్చీలో లేబర్ కాంట్రాక్టర్ల సంఘం ఆఫీసులో టైపిస్టుని. కాపురం భాలుబాసాలో. మా వరసలోనే చివరి గదిలో అప్పాయమ్మ ఉండేది, మా శ్రీకాకుళం వైపు మనిషే. పదకొండేళ్ళుగా ఒక కార్ఖానాలో కాంట్రాక్టరు కింద స్లాగ్, అంటే ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం, ఎత్తేది.

ఆ ఏడు ఆ పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టకుండా ప్రభుత్వం నిషేధం తేబోతోందని తెలిసింది. ఏడాది పొడవునా సాగే పనులకే అది వర్తిస్తుంది. వస్తే తనను కార్ఖానాలో పర్మనెంటు చేస్తారని అప్పాయమ్మ ఆశ. మా సంఘం గుండెల్లో మాత్రం రాయి పడింది.

కార్యదర్శి నాతో మెమొరాండం, అంటే ప్రభుత్వానికి పెట్టుకునే వినతి, టైపు చేయించాడు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. స్లాగ్ పని రోజూ ఉండదన్నట్టు గట్టిగా ఏదైనా రాయమన్నాడు. నా ఇంగ్లీషంటే నాకు మహా గర్వం. "ఈ పని అప్పుడప్పుడు మాత్రమే తగులుతుంది, కనుక శాశ్వత స్వభావం గలది కాదు" అని సొంతంగా వాక్యం కూర్చాను. అప్పాయమ్మ గుర్తుకు రాలేదంటే అబద్ధం. ఎవరో ఒకరు వచ్చి చూడకుండా ప్రభుత్వం నమ్ముతుందా అనుకున్నాను.

మూడు నెలలకు నోటిఫికేషన్, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చింది. నిషేధించిన పనుల్లో స్లాగ్ లేదు. కారణం చెప్పినచోట నా వాక్యమే ఉంది, కామాతో సహా. కార్యదర్శి మురిసిపోయి లడ్డూల పెట్టె నా చేతిలో పెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి అప్పాయమ్మ మా గుమ్మంలో కూర్చుని ఉంది. ఉత్తర్వు వచ్చిందని పనిలో విన్నదట. పెట్టె చూసి ఆమె ముఖం విప్పారింది. నేను నోరు విప్పేలోగా మా ఆవిడ ఆమె చేతిలో ఒక లడ్డూ పెట్టేసింది.

"ఏటి రాసినారు బాబూ, మా గురించి?" అంది.

ఆ వాక్యం తెలుగులో చెప్పాను.

"అప్పుడప్పుడా? ఆదోరం కూడా ఎల్తన్నాను కదా. ఎవులు సూసి రాసినారు?"

ఎవరూ చూడలేదన్నాను. అది నిజమే. రాసింది నేనని మాత్రం చెప్పలేకపోయాను. ఆమె లడ్డూ తినకుండా, పిల్లలకని కొంగున కట్టుకుని లేచింది.

ప్రభుత్వం తనే ఆలోచించి రాస్తుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. టైపు చేసిన కాగితం ముందుగా ఎవరు అందిస్తే వాళ్ళ మాటే ఉత్తర్వవుతుందని ఆ రోజు తెలిసింది. తెలిసి ఏం చేశాను? మరో తొమ్మిదేళ్ళు అదే మిషను ముందు కూర్చున్నాను. అన్నేళ్ళూ తెల్లవారగానే అప్పాయమ్మ మా గుమ్మం ముందు నుంచే పనికి వెళ్ళేది. ఒక్కరోజు కూడా నాగా లేదు.