తల దగ్గర స్టూలు

మా మత్తు డాక్టరమ్మ పోయారన్న కబురు సోమవారం పొద్దున తెలిసింది. అప్పుడు క్లినిక్‌లో ఒకామెకు పొట్ట దగ్గర కొవ్వు తీస్తున్నాం. రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి చెప్పింది. "అయ్యో, మంచి మనిషి," అన్నారు మా డాక్టరుగారు. వెంటనే నాతో, "ట్యూబు సరిగ పట్టు," అన్నారు.

తార్నాకలోని ఆ చిన్న క్లినిక్‌లో నేను నర్సును. మేడంది కర్నూలు వైపు. రిటైరయ్యాక, ఆపరేషన్లున్న రోజుల్లో మా దగ్గరికి వచ్చేవారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక ముగించుకుని, ఆ బూట్లతోనే వచ్చి, ముందు పేషెంటును తూకం మీద నిలబెట్టేవారు. మత్తుమందు ఎంత ఇవ్వొచ్చో బరువును బట్టే కదా. "బరువు కాడ ఎవరూ నిజం చెప్పరు పాపా. నేనూ చెప్పను," అని నవ్వేవారు.

కొవ్వు తీసే చోటుకే మత్తు కాబట్టి పేషెంటు మెలకువగానే ఉండేది. తర్వాత మేడం ఆమె తల దగ్గర స్టూలు వేసుకుని కబుర్లు మొదలుపెట్టేవారు. "పొద్దున ఏం కూర చేసినావమ్మా?" మందు ఒంట్లో ఎక్కువైతే ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, మాట ముద్దవుతుంది. అది కనిపెట్టడానికే ఈ వంటల ముచ్చట. ఒకసారి ఒకామె గుత్తొంకాయ సంగతి చెబుతుంటే మాట ముద్దగా వచ్చింది. "ఆపండి," అన్నారు మేడం. వెంటనే విరుగుడు ఎక్కించారు. ఆమె బతికింది.

"లోకల్ మత్తే కద మేడం, ఏమైతది?" అనేవారు డాక్టరుగారు.

"లోకల్ అనే కదప్పా, చూసే మనిషిని తీసేస్తారు," అనేవారు మేడం. కోసేవారు వేరు, పేషెంటును చూసేవారు వేరుగా ఉండాలని, అది రూలుగా రావాలని ఆవిడ తిరగని ఆఫీసు లేదు. ఒక్కరూ పట్టించుకోలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

ఆవిడ మంచాన పడ్డాక ఆ పనికి ఇంకెవరినీ పెట్టలేదు. చూడటానికి వెళ్తే, "స్టూలు మీద ఎవరు కూర్చుంటా ఉండారు?" అని అడిగారు. నేను మంచినీళ్లు అందించాను. ఆవిడకు అర్థమైంది.

స్టూలు ఇప్పుడు రిసెప్షన్‌లో పూలకుండీ కింద ఉంది. పేషెంట్లకు విసుగు రాకుండా హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వేస్తున్నారు.

సోమవారం ఆ బల్ల మీది ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. పాట పాడుతోందో, మరేమవుతోందో తెలియలేదు. నా రెండు చేతుల్లో ట్యూబు.

"అక్కా, పొద్దుగాల ఏం కూర వండిన్రు?" అని అడిగాను.

ఆమెకు వినబడలేదు.